ముప్ఫై మూడు కాళ్ళు అందినవి

అందరూ కాలేజీలో కాలు పెడతారు. మా కాలేజీలో మాత్రం వచ్చినవాళ్ళకి కాలు పెట్టి పంపిస్తారు.

ప్రమాదంలోనో జబ్బు చేసో కాలు పోగొట్టుకున్నవాళ్ళకి కృత్రిమంగా కాలు చేసి తొడగడం ఎలాగో మూడేళ్ళపాటు నేర్పే కాలేజీ అది. పూర్వం బిస్కెట్లు చేసిన షెడ్డులో ఉంటుంది. బిస్కెట్లు కాల్చిన పొయ్యిలోనే ఇప్పుడు ప్లాస్టిక్ పలకని మెత్తబడేదాకా కాల్చి, ప్లాస్టర్ అచ్చు మీద పరిచి, చల్లారాక గిన్నెలా తీస్తారు. మనిషికి మిగిలిన కాలు ఆ గిన్నెలో కూర్చుంటుంది. కాలిస్తేనే కాలు వస్తుంది కాబట్టి మా కాలేజీకీ తెలుగు భాషకీ పేచీ లేదు. పేచీ అంతా యూనివర్సిటీతోనే.

ప్రిన్సిపాల్ మా ఆవిడ. ఆఖరి సంవత్సరం చదివే పదకొండు మందిలో ఒకతె మా అమ్మాయి చిట్టి. నేను ఆఫీసు. అంటే యూనివర్సిటీకి ఉత్తరాలు రాసేవాణ్ణి, జవాబు రాకపోతే గుర్తు చేస్తూ ఇంకో ఉత్తరం రాసేవాణ్ణి. పద్ధెనిమిదేళ్ళుగా మా కాలేజీకి గుర్తింపు లేదు. అక్కడి గుమాస్తాలకి నేను మాత్రం బాగా గుర్తు.

ఆ వేసవిలో పెద్దాసుపత్రివాళ్ళు కాళ్ళు చేసే విభాగం ఒకటి తెరిచారు. చిట్టి పనితనం చూసి ఒక ఉద్యోగం దాని కోసం అట్టేపెట్టారు. షరతు ఒక్కటే, జూన్ నెలాఖరులోగా గుర్తింపు ఉన్న కాలేజీ నుంచి పట్టా తేవాలి. మా దగ్గర ఇంతకు ముందు పాసైనవాళ్ళంతా ఎవరెవరి దుకాణాల్లోనో సహాయకులన్న పేరుతో బతుకుతున్నారు. కాలు చేసేది వీళ్ళు, కింద సంతకం ఇంకొకరిది. చిట్టికి ఆ బతుకు వద్దు. అది తప్పించుకోడానికి దానికి దొరికిన మొదటి దారి ఆ ఉద్యోగం.

గొడవంతా మా పరీక్ష దగ్గరే. షెడ్డు పక్కన డాబా మీదికి పదకొండు మెట్లున్నాయి. విద్యార్థి చేసిన కాలుని పది రోజులు వాడిన మనిషి పై మెట్టు నుంచి కమ్మీ పట్టుకోకుండా కిందికి దిగాలి. దిగి, నొప్పి లేదని తన నోటితో చెప్పాలి. చెబితే పాస్. లేకపోతే కాలు విప్పి మళ్ళీ మొదటి నుంచి. మా రిజిస్టర్లో మార్కులుండవు, ‘దిగెను’, ‘దిగలేదు’ అన్న రెండు మాటలే ఉంటాయి. మా ఆవిడ లెక్కలో పరీక్షాధికారి ఆ కాలు తొడుక్కున్న మనిషే. యూనివర్సిటీ లెక్కలో ఆ పరీక్షాధికారికి డిగ్రీ లేదు.

“మెట్లు మానేసి రాతపరీక్ష పెట్టుకోండి, పదిహేను రోజుల్లో గుర్తింపు ఇచ్చేస్తాం” అని మార్చిలోనే కబురంపారు. ఆ రోజు మా భోజనాల బల్ల దగ్గర జరిగింది ఇది.

“మూడు గంటలు కూర్చుని రాస్తే పోయేదేముందమ్మా?” అంది చిట్టి.

“రాయండి. నేనొద్దన్నానా? మెట్లు మానమంటున్నారు, అదే కుదరదు.”

“ఎవరు దిగితే ఎవరికి కావాలి? నాకు కాగితం కావాలి.”

“కాగితం తొడుక్కుని నడుస్తారా ఎవరైనా?”

చిట్టి నా వైపు తిరిగింది. “నాన్నా, నువ్వు చెప్పు.”

“మీ అమ్మ పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. నాలుగోది మనం చేసి తొడగాలి” అన్నాను.

ఇద్దరూ నా వైపు ఒకేలా చూశారు. ఆ వారంలో వాళ్ళిద్దరికీ కుదిరిన ఏకాభిప్రాయం అదొక్కటే.

ఏప్రిల్లో ఒక మెమో వచ్చింది. ‘గుర్తింపు కోరుచున్న మీ సంస్థ గత మూడు సంవత్సరముల ఆఖరి పరీక్ష జవాబులను పరిశీలన నిమిత్తము ఏడు దినములలోగా పంపవలెను.’

మా ఆవిడ రెండుసార్లు చదివింది. “పంపిద్దాం.”

“ఏం పంపిద్దాం?”

“అచ్చులు.”

పరీక్ష కోసం చేసిన ప్రతి ప్లాస్టర్ అచ్చుకీ ఒక నకలు పోసి దాచడం మా అలవాటు. మోకాలి నుంచి కిందికి జానెడు ఉంటుంది. దాని మీద మా ఆవిడ ఎర్ర పెన్సిల్‌తో దిద్దుతుంది. ‘ఇక్కడ ఎముక కొన తగులుతుంది.’ ‘ఇక్కడ ఇంకా చెక్కు.’ ‘ఇక్కడ నీ తొందర కనిపిస్తోంది.’ ఇంతకన్నా శ్రద్ధగా దిద్దిన జవాబు ఏ యూనివర్సిటీలో ఉందో చూపించమని ఆవిడ వాదన. నేను తలూపాను. ఇప్పుడు తలుచుకుంటే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. కాని కాళ్ళ మధ్య అన్నేళ్ళు బతికితే ఎవరికైనా తల అలాగే పనిచేస్తుంది. మూడేళ్ళకి ముప్ఫై మూడు అచ్చులు. గోనెసంచుల్లో గడ్డి పరిచి, వ్యానెక్కించి, నేనే వెంట వెళ్ళాను.

యూనివర్సిటీలో తపాలా తీసుకునే గుమాస్తా ఒక సంచి విప్పి లోపలికి తొంగిచూశాడు.

“ఇవేమిటండీ?”

“జవాబులు.”

“ఇవి కాళ్ళు.”

“కాళ్ళే జవాబులండీ. ఎర్రగా ఉన్నవి దిద్దుబాట్లు.”

“పాదాలేవి?”

“పాదాలుంటే వాళ్ళు మా దగ్గరికెందుకు వస్తారు?”

ఆయన మెమో నకలు తీసి చదివాడు. “మెమోలో జవాబులనే ఉంది, ఏ రకం అని లేదు. కాబట్టి నేను కాదనను. కాని దారం ఏది? దారం కట్టని జవాబు మేం తీసుకోం.”

“ఎక్కడ కట్టమంటారు?”

“ఎడం పక్క, పై మూల.”

“కాలికి మూల ఉండదండీ.”

“అది మీరు చూసుకోవాలి.”

ఎదురు కొట్లో తెల్లదారం ఉండ కొన్నాను. నేల మీద కూర్చుని ముప్ఫై మూడు మోకాళ్ళకీ దారం కట్టాను. గుమాస్తాగారికి తల మీద ఒక్క వెంట్రుక లేదు. బోడిగుండుకీ మోకాలికీ ముడి పెట్టడమంటే ఏమిటో ఆ మధ్యాహ్నం నాకు స్వానుభవమైంది. ఆయన ప్రతి అచ్చునీ ఒళ్ళో పెట్టుకుని, పిక్క మీద ‘అందినది’ అని ముద్ర కొట్టి, నా చేతికి రసీదు ఇచ్చాడు. ‘కాళ్ళు ముప్ఫై మూడు అందినవి. అనగా పదహారు జతలు, ఒకటి విడి.’

ఆ ‘అనగా’ దగ్గరే నాకు అనుమానం రావలసింది. రాలేదు. పది రోజులకి మెమో వచ్చింది. ‘మీరు పంపిన వానిలో పదిహేడవ జతయందు ఒక కాలు లోపించినది. సంజాయిషీ పంపవలెను.’

“అన్నీ ఒంటికాళ్ళే, జతలు కావు అని రాయండి” అంది మా ఆవిడ.

రాశాను. మర్యాదగా, వివరంగా, రెండు పేజీలు రాశాను. దానికి ఒక్క వాక్యం జవాబు వచ్చింది. ‘అట్లయినచో ముప్ఫై మూడు కాళ్ళు లోపించినవి.’

చిట్టి ఆ కాగితం చదివి మడిచి నా చొక్కా జేబులో పెట్టింది. “ఒక్క ఉత్తరంతో లోపాన్ని ముప్ఫై మూడు రెట్లు చేశావు నాన్నా. ఇంకొకటి రాస్తే మనకే కాళ్ళుండవు.”

“ఈసారి నేనే వెళ్ళి వాళ్ళ కాళ్ళు పట్టుకుంటాలే.”

“మన కాళ్ళే వాళ్ళ దగ్గరున్నాయి. ముందు అవి తెచ్చుకో.”

నవ్వొచ్చేలా అంది కాని నవ్వలేదు. ఆ మే నెలంతా అది గోడ మీది క్యాలెండర్లో రోజుకొక గీత కొడుతూ ఉంది. తల్లి ఆ గోడ వైపు చూడటం మానేసింది. ఒకరి మాట ఒకరికి నేను మోసుకెళ్ళేవాణ్ణి. “పొయ్యి ఎంత వేడి పెట్టాలో అడుగు” అని ఒకరు, “పోయినసారి ఎంత పెట్టిందో అంతే అని చెప్పండి” అని ఇంకొకరు. ఇద్దరూ ఒకే బల్లకి చెరోవైపున నిలబడి ఉండేవాళ్ళు.

ఇంతలో యూనివర్సిటీలో మా అచ్చులు వాటంతటవే నడవడం మొదలుపెట్టాయి. ఫైల్లో పట్టని వస్తువుని ఏ బల్లా ఉంచుకోదు. మా సంచులు ఒక బల్ల నుంచి ఇంకో బల్లకి, ఒక అంతస్తు నుంచి పై అంతస్తుకి వెళ్ళి వెళ్ళి, చివరికి ఇక పైకి పంపడానికి ఎవరూ లేని గదిలో ఆగాయి. ఆ గదిలోని పెద్దమనిషి ఒక అచ్చు చేతిలోకి తీసుకుని ఎర్ర అక్షరాలు చదివాడట. జూన్ పన్నెండున తనిఖీకి వస్తున్నామని కబురొచ్చింది. పద్ధెనిమిదేళ్ళలో మొదటిసారి. నా ఉత్తరాలు చేయలేని పని నా తెలివితక్కువతనం చేసింది.

ఇద్దరొచ్చారు. ఒకాయన ఆ పై గది పెద్దాయన, పూర్వం వాణిజ్యశాస్త్రం చెప్పినవాడు. రెండో ఆయన చేతిలో కొలిచే టేపు ఉంది. పేరు అడిగే వ్యవధి ఇవ్వకుండా కొలవడం మొదలుపెట్టాడు కాబట్టి ఆయన మాకు టేపుగారు.

“తరగతి గది ఎనిమిది వందల చదరపు అడుగులుండాలి. మీది ఏడు వందల అరవై” అన్నాడు టేపుగారు.

“మా అడుగులన్నీ మెట్ల మీద వేస్తామండీ, అవి కూడా కలుపుకోండి.”

ఆయన నవ్వలేదు. ఫారంలో నవ్వుకి గడి లేదు కాబోలు.

పెద్దాయన రిజిస్టర్ తిరగేసి మా ఆవిణ్ణి అడిగాడు. “మెట్లు దిగేవాళ్ళు మీ మనుషులే కదమ్మా. కాలు ఇచ్చింది మీరు. మీ మొహం చూసి బాగుందనే అంటారు.”

“బాగాలేదన్నవాళ్ళున్నారండీ. ఆ పేజీలోనే నలుగురున్నారు.”

“అది మీరు రాసుకున్న రిజిస్టరే కదా.”

మా ఆవిడ రిజిస్టర్ తన ముందుకి లాక్కుంది. నాకు ఒళ్ళు మండింది కాని, ఆయన అడిగినదాన్లో తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. అందుకే ఇంకా మండింది.

పరీక్ష మొదలైంది. ఒకరి తరవాత ఒకరు పది మంది దిగారు. పెద్దాయన కింది మెట్టు పక్కన కుర్చీ వేయించుకుని ప్రతి ఒక్కరినీ తనే అడిగాడు. నొప్పి లేదు, నొప్పి లేదు, అలవాటవుతోంది గాని నొప్పి లేదు. పది ‘దిగెను’లు పడ్డాయి. ఆఖరిది చిట్టి చేసిన కాలు. దాన్ని తొడుక్కున్నది మా మిషనత్త.

మిషనత్త మా సందు చివర కుట్టుమిషను పెట్టుకున్న మనిషి. చుట్టరికం లేదు, అయినా నన్ను అన్నయ్య అంటుంది, మా ఆవిణ్ణి వదినా అంటుంది. చిట్టి మొదటి గౌను నుంచి మొన్నటి తెల్లకోటు దాకా అన్నీ ఆవిడ కుట్టినవే. ఆరేళ్ళ కిందట బస్సు కింద ఎడమకాలు పోయింది. ఆసుపత్రి ఉద్యోగం సంగతి కూడా ఆవిడకి తెలుసు. వీధి మొత్తానికి చెప్పింది ఆవిడే.

పై మెట్టు మీద నిలబడి ఫొటోకి నిలబడినట్టు చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. ఒకటి, రెండు, మూడు, చకచకా దిగింది. ఏడో మెట్టు మీద ఆగింది. చెయ్యి కమ్మీ మీదికి పోలేదు గాని, మోకాలి మీదికి పోయింది.

“ఏమైందమ్మా?” అన్నాడు పెద్దాయన.

“ఏం లేదండీ. ఎండ. కళ్ళు తిరిగాయి.”

తలుపు నీడన నిలబడ్డ చిట్టి మెట్లెక్కి వెళ్ళింది. ఆవిణ్ణి ఏడో మెట్టు మీదే కూర్చోబెట్టి, కాలు విప్పి, లోపలి మేజోడు చుట్టి తీసింది. ఎముక కొన దగ్గర పావలా కాసంత ఎర్రగా కమిలి ఉంది.

“ఎప్పటి నుంచి అత్తా?”

“నిన్న సాయంత్రం నుంచి. ఏం కాదే. ఇంకెన్ని, నాలుగు మెట్లు. దిగిపోతాను, తొడుగు.”

“నిన్న నాకెందుకు చెప్పలేదు?”

“చెబితే ఏం చేసేదానివి? నోరు మూసుకుని తొడుగు. పెద్దవాళ్ళు చూస్తున్నారు.”

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. “ఆవిడ దిగుతానంటున్నారు కదమ్మా. నాలుగే కదా.”

చిట్టి తల్లి వైపు చూసింది. మా ఆవిడ రిజిస్టర్ ముందు పెట్టుకుని, పెన్సిల్ పట్టుకుని కూర్చుంది. ఔననలేదు, కాదనలేదు. ఏదో ఒకటి అనమని నేను లోపల్లోపల అరుస్తున్నాను. పద్ధెనిమిదేళ్ళు నోరు ఊరుకోని మనిషి సరిగ్గా అప్పుడే ఊరుకుంది.

చిట్టి కిందికి దిగి వచ్చింది. తల్లి చేతిలో పెన్సిల్ తీసుకుని, తన పేరుకెదురుగా రాసింది. రాసి పెన్సిల్ తిరిగి ఇచ్చేసింది. మా ఆవిడ ఆ మాట కింద సంతకం పెట్టింది. తరవాత చిట్టి నీళ్ళూ దూదీ తీసుకుని మళ్ళీ ఏడో మెట్టుకి వెళ్ళింది.

‘దిగలేదు.’

టేపుగారు మెట్ల ఎత్తు కొలుస్తుండగా పెద్దాయన నన్ను పక్కకి పిలిచాడు. “ఆ అమ్మాయి ఎవరండీ?”

“మా అమ్మాయండీ.”

“మరి ప్రిన్సిపాల్‌గారు?”

“ఆవిడ కూడా మా ఆవిడేనండీ.”

ఆయన మేమిచ్చిన టీ సగం తాగి వెళ్ళిపోయాడు.

మిషనత్త ఆ తరవాత వారం రోజులు మా ఇంటికి రాలేదు. నేనే వెళ్ళాను. “నా వల్ల పిల్ల ఉద్యోగం పోయింది అన్నయ్యా, ఈ దిక్కుమాలిన కాలు ఇంకో పూట ఓర్చుకోలేకపోయింది” అని గుడ్డ మీద కత్తెర విసిరింది. కమిలిన చోటు మానాలి, ఆ తరవాత కొత్త అచ్చు తీయాలి, చెక్కాలి, కాల్చాలి, మళ్ళీ పది రోజులు నడవాలి. జూన్ నెలని ఎంత సాగదీసినా అన్ని రోజులు లేవు.

ఇరవై నాలుగో తారీఖున యూనివర్సిటీ కవరు వచ్చింది. నిలబడే చదివాను. ఒక సంవత్సరానికి తాత్కాలిక గుర్తింపు. మెట్ల పరీక్ష ఉండవచ్చు, పక్కన రాతపరీక్ష కూడా ఉండాలి. తరగతి గది నలభై చదరపు అడుగులు పెరగాలి. పరీక్షా విధానంలో ఏ మార్పు చేసినా ముందుగా కొత్త దరఖాస్తు, కొత్త కమిటీ. కమిటీ అభిప్రాయం కింద పెద్దాయన ఒక వాక్యం రాశాడు. ‘పరీక్ష విచిత్రముగా నున్నది. అయినను ఇచ్చట తప్పుట సాధ్యమేనని కమిటీ కళ్ళారా చూచినది.’ తనిఖీ దినమున ఉత్తీర్ణులైన పదిమందికి పట్టాలు చెల్లును. పది పేర్లున్నాయి. మా చిట్టి పేరు లేదు.

పద్ధెనిమిదేళ్ళు ఆ కాగితం కోసం నేను రాసిన కాగితాలు పరిస్తే యూనివర్సిటీ దాకా పరుచుకుంటాయి. అది వచ్చిన రోజున మా ఇంట్లో ఒక్కరం కూడా గట్టిగా మాట్లాడలేదు. మా ఆవిడ కవరు చూసి, వంటింట్లోకి వెళ్ళి, కుళాయి తిప్పి, చాలాసేపు ఒకే గిన్నె కడిగింది. చిట్టి క్యాలెండర్ దింపి మడిచి అల్మరా వెనక పెట్టింది.

ఆసుపత్రి ఉద్యోగం చిట్టి తరగతిలోనే చదివిన ఒక పొడుగాటి అబ్బాయికి వచ్చింది. అందరూ అతన్ని నిచ్చెన అంటారు. చేరే ముందు రోజు మా ఇంటికొచ్చి, గుమ్మంలో తల వంచుకుని నిలబడ్డాడు. సిగ్గుతో వంచాడో గుమ్మం తగులుతుందని వంచాడో తెలియలేదు.

“చిట్టీ, నేను అడిగి తెచ్చుకోలేదు. వాళ్ళే పిలిచారు.”

“తెలుసు. లోపలికి రా.”

“కోపంగా ఉందా?”

“ఉంది. నీ మీద కాదులే.” కుర్చీ అతని వైపు జరిపింది. “అక్కడ లిఫ్టు ఉంటుంది. నువ్వు మాత్రం జనాన్ని మెట్ల దగ్గరికే తీసుకెళ్ళు.”

అతను తలూపాడు. అతను వెళ్ళాక తల్లీ కూతుళ్ళు షెడ్డుకి వెళ్ళారు. ఇంట్లో నేనొక్కణ్ణే మిగిలాను, రాయడానికి ఒక్క ఉత్తరం కూడా లేకుండా.

జూలై ఆఖరుకి మిషనత్త కొత్త కాలుకి పది రోజులు నిండాయి. ఉదయం ఒక జల్లు పడి వెలిసింది. మెట్లు ఆరాలని అందరం కూర్చున్నాం. మిషనత్త పొయ్యి దగ్గర ఒళ్ళు వెచ్చబెట్టుకుంటూ, “ఈసారి నొప్పి ఉంటే నేను అరుస్తాను, ఎండ మీదికి నెట్టను” అని ముందే ప్రకటించింది. కమిటీ లేదు, టేపు లేదు, కుర్చీలో ఎవరూ లేరు. మా ఆవిడ ఒళ్ళో రిజిస్టర్ పెట్టుకుని కింది మెట్టు పక్కన ముక్కాలిపీట మీద కూర్చుంది.

మిషనత్త దిగింది. ఏడో మెట్టు దగ్గర అందరం ఊపిరి బిగబట్టాం, ఆవిడ మాత్రం బిగబట్టలేదు. పదకొండో మెట్టు దిగి నేల మీద రెండు కాళ్ళూ ఆనించి, “లేదు. ఒట్టు, నొప్పి లేదు” అంది.

మా ఆవిడ పెన్సిల్ తీసింది. చిట్టి పేరున్న పేజీ తిప్పింది.

“ఆగమ్మా” అంది చిట్టి. “అత్తా, ఇప్పుడు ఎక్కు.”

“ఏమిటే?”

“ఎక్కు. కమ్మీ పట్టుకోకుండా.”

“దిగితే చాలు, పరీక్ష అంతే” అంది మా ఆవిడ.

“అత్త కాపురం మేడ మీద కదమ్మా. రోజూ ఎక్కకుండా ఎలా దిగుతుంది? మనం దిగిందే చూస్తున్నాం ఇన్నేళ్ళూ.”

మా ఆవిడ నా వైపు చూసింది. నేను ఆకాశం వైపు చూశాను.

“మీ అమ్మే నయమే” అంటూ మిషనత్త మొదటి మెట్టు మీద కాలు వేసింది. దిగినంత చులాగ్గా లేదు. మూడో మెట్టు దగ్గర ఆగింది, అయిదో మెట్టు దగ్గర తిట్టింది. చిట్టి ఒక మెట్టు వెనకగా, చేతులు చాచి, ముట్టుకోకుండా ఎక్కుతోంది. మా ఆవిడ పీట మీంచి లేచి నిలబడి, పెదవులు కదుపుతూ లెక్కపెడుతోంది.

“ఏవండీ” అంది చూపు మెట్ల మీంచి తిప్పకుండా. “యూనివర్సిటీకి ఒక ఉత్తరం రాయాలి.”

“ఏమని?”

“పరీక్షలో ఎక్కడం కూడా చేర్చామని.”

“కొత్త దరఖాస్తు, కొత్త కమిటీ అన్నారు. మళ్ళీ మొదటికొస్తుందే, చచ్చీచెడీ వచ్చిన గుర్తింపు.”

“రానీండి. తొమ్మిది.”

నేను నుదురు కొట్టుకుని, కాగితం కోసం ఆఫీసు గదిలోకి బయల్దేరాను. గుమ్మం దాటకముందే డాబా మీంచి మిషనత్త గొంతు వినిపించింది.

“ఎక్కాను సరే. ఇప్పుడు మళ్ళీ దిగాలి కదా, ఆ ముక్క మీలో ఎవరైనా ఆలోచించారా?”